కర్మన్‌ఘాట్ దారిలో విన్న కూత

దిల్‌సుఖ్‌నగర్‌లో మేం మొదట అద్దెకు దిగిన ఇంట్లో ఎవరూ నిలవరని పక్కవాళ్లు చెప్పారు. అంత గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు మాకు ఖాళీగా దొరకడానికి అదే కారణమైతే ఆ దయ్యానికి దణ్ణం పెట్టాలి అన్నాను మా ఆవిడతో. ఆ ఇంట్లో చాలా ఏళ్లున్నాం. నల్లాలో నీళ్లు రాని రోజులు తప్ప మమ్మల్ని భయపెట్టినవేవీ లేవు. అలాంటి వాటి మీద నమ్మకం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా ఈ ఒక్క సంగతి ఉన్నదున్నట్టు రాయాలి.

ఎనభైల నడిమి మాట. మాది తెనాలి వైపు. నగరానికి బదిలీ మీద వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆఫీసు పని పోగా సెలవు రోజుల్లో కబడ్డీ అంపైరుగా వెళ్లేవాణ్ణి.

ఆ ఏడు పొరుగు దేశాల పురుషుల జట్లకు నగరంలో కబడ్డీ పోటీలు జరిగాయి. అసలు ఆటలు స్టేడియంలో. నేపాల్, బంగ్లాదేశ్ జట్లకు మాత్రం మా వైపు బస దొరికింది. పోటీలకు ముందు తమలో తాము ఒక ఆట ఆడి చూసుకుంటామని, మెత్తటి నేల ఉంటే చూపించమని అడిగారు. ఆ పని నామీద పడింది.

కర్మన్‌ఘాట్ వెళ్లే దారి పక్కన సత్తయ్య పటేల్‌కు ఒక మెట్ట చెలక ముక్క మిగిలి ఉంది. చుట్టూ ఉన్న ఆయన భూములన్నీ అప్పటికే ప్లాట్లయ్యాయి. మా కాలనీ సగం ఆయన జొన్నచేలలో లేచినదే. ఈ ముక్కను కూడా ప్లాట్లు చేయడానికి పెద్దకొడుకు నర్సింహ కొనేవాళ్లకు మాట ఇచ్చేశాడు. హద్దులకు పాతే రాతి కడీలు వచ్చి దారి పక్కన పడి ఉన్నాయి. తక్కినవన్నీ అమ్ముతున్నప్పుడు నోరెత్తని ముసలాయన దీని దగ్గరికి వచ్చేసరికి అన్నం మానేశాడట. ఎందుకని అడిగితే చెప్పడట. ఇంట్లో ఇదే గొడవ.

నేను వెళ్లి అడిగితే నర్సింహ తటపటాయించాడు. గడపలో కూర్చున్న తండ్రే జవాబిచ్చాడు.

"ఆడుకోనియ్ రా. మన భూమిల ఆట నడువక ఎన్నేండ్లాయె."

నర్సింహ నావైపు తిరిగాడు. "సరే సారూ. ఆదివారం మీది, సోమవారం నాది. కడీలు పాతేటోళ్లకు చెప్పి పెట్టిన."

కబడ్డీకి నేల తయారుచేయడం నాకు తెలిసిన పనే. దున్నించి, రాళ్లు ఏరించి, తడిపి, ఆరాక మళ్లీ గుల్ల చేయాలి. పెద్దాయన రోజూ వచ్చి నిలబడేవాడు. నేను టేపుతో కొలుస్తుంటే ఆయన మడమతో నొక్కి చూసి, ఇక్కడ గట్టిగుంది, అక్కడ గట్టిగుంది అని మళ్లీ తవ్వించేవాడు. పడ్డవాడు నవ్వుకుంటూ లేచేటట్టు ఉండాలట నేల. అంతకంటే ఏమీ మాట్లాడేవాడు కాదు.

ఆదివారం ఎండ చల్లబడే వేళకు కాలనీ అంతా అక్కడే ఉంది. కాలనీలోని మా కోస్తావాళ్లు మజ్జిగ బిందెలు తెచ్చారు. ఊరివాళ్లు దీన్ని చెడుగుడు అంటారు, మేమూ అదే అంటాం, అయినా ఎవరి చెడుగుడు అసలైనదని రెండు వైపులా వాదన నడిచింది. "సారూ, ఈల జర గట్టిగ ఊదుండ్రి, కృష్ణ నీళ్లు తాగినోళ్లు గదా," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు బాగా గుర్తున్న మంచి సాయంత్రాల్లో అదొకటి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కూతకు వచ్చినవాణ్ణి నలుగురైదుగురు మీదపడి పట్టినప్పుడు వాడి నోరు ఎవరికీ కనిపించదు. కూత తెగకుండా వాడు మధ్యగీతను తాకితే పట్టినవాళ్లంతా అవుట్. అంపైరు కళ్లు గీత మీద, చెవి కూత మీద పెట్టాలి. నేను మోకాళ్ల మీద వంగి, తల నేలకు దగ్గరగా పెట్టి వినేవాణ్ణి.

ఆట చివర్లో బంగ్లాదేశ్ కుర్రవాడొకడు కూతకు వెళ్లి దొరికిపోయాడు. నేపాల్‌వాళ్లంతా మీద పడ్డారు. కింద నుంచి "కబడ్డీ, కబడ్డీ" సన్నగా వినిపిస్తోంది. అది నెమ్మదిగా దిగి, మాటలు పోయి, పావురం గొంతులో తిరిగినట్టు ఒకే బరువైన గుడగుడ అయింది. ఎక్కడా తెగలేదు. అతని చెయ్యి మట్టిలో పాకుతూ వచ్చి మధ్యగీతను తాకేదాకా వినిపిస్తూనే ఉంది. ఈల ఊది, పట్టినవాళ్లంతా అవుట్ అన్నాను.

నేపాల్‌వాళ్లు ఒప్పుకోలేదు. అతని ఊపిరి ఎప్పుడో ఆగిపోయిందన్నారు. కూతకు వచ్చిన కుర్రవాడు లేచి, మట్టి దులుపుకుని, గొంతు మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపాడు. గీతకు చాలా దూరంలో ఉండగానే కూత ఆగిందని, చెయ్యి ఊరికే చాపానని తనే హిందీలో చెప్పాడు. తనకు వచ్చే పాయింటును వద్దన్నాడు. ఇంక నేను నిర్ణయం మార్చాను. రెండు జట్లూ చప్పట్లు కొట్టాయి. ఆట సంతోషంగానే ముగిసింది.

గీతలు తుడిచేస్తుంటే పెద్దాయన వచ్చి నా ముంజేయి పట్టుకున్నాడు.

"మీరు సుత ఇన్నరు గద సారూ."

నేను విన్నది చెప్పలేదు. ముందు ఆయన విన్నది ఏమిటో చేసి చూపించమన్నాను. ఆయన కళ్లు మూసుకుని, ముసలి ఊపిరితోనే, గొంతులో గుడగుడ తిప్పాడు. అదే. ఆ బరువే, ఆ దిగడమే.

"మా పోచయ్య కూత. నా తమ్ముడు," అన్నాడు.

పంట కోతలయ్యాక ఈ చెలకలోనే ఆడేవాళ్లట. పెళ్లి కూడా కాకుండానే జ్వరంతో పోయాడట ఆ తమ్ముడు. అలాంటి మనిషి ఒకడున్నాడని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. నర్సింహకు కూడా బాబాయి పేరు తప్ప ఏమీ తెలియదు. అతను పుట్టకముందు మాట అది.

నేను ఆలోచించని కారణం లేదు. విజయవాడ రోడ్డు మీద లారీ చప్పుడా? పట్టినవాళ్లలో ఎవరైనా మూలిగారా? కుర్రవాళ్లందరినీ బసకు వెళ్లి అడిగాను. అందరూ తాము కాదన్నారు. ఆ చోటనే మళ్లీ వంగి కూర్చుని కూడా చూశాను. గాలి తప్ప ఏమీ లేదు.

సోమవారం ఆఫీసుకు వెళ్తుంటే, చెలక దగ్గర ట్రాక్టరు మీద కడీలు ఎక్కిస్తున్నారు. వేరే చోటికి పంపేస్తున్నానన్నాడు నర్సింహ. మాట ఇచ్చినవాళ్లకు తనే ఏదో చెప్పుకుంటానన్నాడు. నువ్వు కూడా విన్నావా అని అడిగాను.

"నాకేం ఇనపడలే సారూ," అన్నాడు తాడు బిగిస్తూ. "మా నాయినకు ఇనపడ్డది గద. రాత్రి కడుపునిండ తిన్నడు."

ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు వచ్చాయి, ఎల్బీ నగర్ దాకా మెట్రో నడుస్తోంది. ఆ ముక్క మాత్రం ఖాళీగానే ఉంది. పిల్లలు క్రికెట్ ఆడతారు. సాయంత్రాలు నేనూ అక్కడే నడుస్తాను.

ఆ రోజు నిర్ణయం మార్చుకున్నాను. అది న్యాయమే, ఊపిరి ఆగిందని ఆ కుర్రవాడే చెప్పాడు. కానీ నేను విన్న కూత ఎక్కడా తెగలేదు. ఈ రెండూ ఎలా నిజమవుతాయో ఇన్నేళ్లకూ నాకు తెలియదు.