నాయన పచ్చబడిన రోజు, బావ చెప్పని మాట

నిన్న పొద్దున చిత్తూరు నుంచి ఫోన్.

భాస్కర్ బావ పోయాడంట.

నమ్మలేదు. పోయిన నెల చుట్టాల పెళ్లిలో నలుగురి ముందు నన్ను కడిగేసిన మనిషి అంత తొందరగా ఎట్లా పోతాడు?

క్యాన్సర్ అంట. ఏడాది నుంచీ ఉందంట. తనే డాక్టరు, తనకు అన్నీ తెలుసు. భార్యకు తప్ప ఒక్కరికీ చెప్పలేదు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ దిగలేదు.

నిన్నటి నుంచి అందరూ "దేవుడిలాంటి డాక్టర్" అని పోస్టులు పెడుతున్నారు. పెట్టుకోండి. నాకు తెలిసిన బావ వేరు. పేషెంట్ ఒక్కడే మనిషి ఆయనకు. బయట బెంచీ మీద కూర్చున్న మేమంతా అడ్డం.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. బావ మా మేనత్త కొడుకు, అప్పట్లో తిరుపతిలో సర్జన్. సెల్ ఫోన్లు లేని రోజులు. నాయనకు పేగు మెలిపడింది. పొట్ట కోసి చూస్తే సగానికి పైగా నల్లబడి ఉంది.

బావ థియేటర్ బయటికొచ్చి మాస్క్ దించాడు.

"నల్లగుండేదంతా కోసేస్తే మామ బతుకుతాడు. అన్నం మాత్రం తినలేడు. దాంట్లో ఏది సచ్చిందో, ఏది బతికుండాదో సూడల్ల. నువ్వు పరిగెత్తు."

యాడికి పరిగెత్తాలో చెప్పకుండానే లోపలికి పోయాడు. నర్సు చెప్పింది. కంటి డాక్టర్ దగ్గర రెటీనా ఫోటోలకు వాడే రంగు మందు. చర్మం డాక్టర్ దగ్గర మచ్చలు చూసే నీలం లైటు.

రెండూ తెచ్చా. లేటయిందని తిట్టాడు.

అసలు జరిగింది మత్తు డాక్టరమ్మ చెప్తే చాలా రోజుల తర్వాత తెలిసింది. మందు రక్తంలోకి ఎక్కించి, థియేటర్లో లైట్లన్నీ ఆపి, ఆ నీలం లైటు పేగు మీద వేశారంట. రక్తం ఆడే చోటల్లా పచ్చగా వెలిగిందంట. వెలగనిది జానెడు. బావ అంతవరకే కోశాడు.

మాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

మరుసటి రోజు చూస్తే నాయన ఒళ్లంతా పచ్చన. యూరిన్ బ్యాగ్‌లో పసుపు కలిపిన నీళ్లు.

అమ్మ పచ్చకామెర్లు అనుకుంది. మా వైపు కామెర్లంటే పసరే. పెదనాయన కార్వేటినగరం పోయి సీసాలో పట్టించుకొచ్చాడు.

అమ్మ స్పూన్‌లో పోసి నాయన నోటి దాకా తీసుకుపోయింది. సరిగ్గా అప్పుడే బావ రౌండ్స్‌కొచ్చాడు. స్పూన్ తోసేసి, సీసా గోడకేసి కొట్టాడు.

"నిన్న కుట్లేసిన పేగులో ఇది పోస్తావా అత్తా? మొగున్ని సంపేదానికే వచ్చినావా?"

వార్డంతా వింది.

పసరు పడుంటే నాయన దక్కేవాడు కాదేమో. ఒప్పుకుంటా. కానీ బావా, అది రంగు మందు, రెండు రోజులు ఒళ్లు పచ్చగా ఉంటుంది, భయపడొద్దండీ అని ముందే ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?

ఆ రోజు నుంచి అమ్మ బావతో మాట్లాడలేదు. బావ సారీ చెప్పలేదు. ఇంటికొస్తే నాయన పక్కనే భోజనానికి కూర్చునేవాడు. తన కంచం వదిలేసి నాయన కంచమే చూసేవాడు, రెండో మారు పెట్టించుకుంటాడా లేదా అని. అమ్మ వంటింటి గడప దాటేది కాదు.

నిన్న వార్త విని నాయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

అమ్మ ఆ కంచం తీసి పక్కన పెట్టింది. తర్వాత అంది, "సెప్పుంటే పోయి సూసొచ్చేదాన్ని గదా. ఇన్నేండ్ల కోపం, ఆడనే వదిలేసొచ్చేదాన్ని."

దీనికి నిన్ను క్షమించను బావా.

సాయంత్రం అమ్మే బలవంతంగా నాయనకు నాలుగు ముద్దలు తినిపించింది. అవి అరిగేది నువ్వు మిగిల్చిన పేగులోనే.

ప్రశాంతంగా పడుకో. ఆడన్నా ఏదన్నా ఉంటే పక్కనోళ్లకు ముందే చెప్పు.