తొక్కకుండానే తిరిగిన పెడల్

ఒక మనిషి ఉద్యోగ జీవితాన్నంతా ఒక్క స్పానరుతో నడిరోడ్డు మీద నిలబెట్టెయ్యడం ఎలాగో చెబుతాను, వినండి. చెప్పే ఓపికుండి కాదు. మా స్టీలు ప్లాంటు కాలనీ సెక్టర్ 7లో ఏ పెళ్లికెళ్లినా, ఏ వ్రతానికెళ్లినా, ప్రసాదం చేతిలో పడేలోపే ఎవరో ఒకరు "ఆ సైకిల్ సంగతి ఓసారి చెప్పవోయ్" అంటారు. చెప్పీ చెప్పీ నా దవడలు అరిగిపోయాయి. మీరూ వినేస్తే ఓ పనైపోతుంది.

అది మా నాన్న స్టీలు ప్లాంటులో రిటైరయ్యే రోజు. ఇక్కడ రిటైరైన మనిషిని తోటివాళ్లు దండలేసి, కారెక్కించి, డప్పులతో ఇంటిదాకా దింపుతారు. నాన్న కారొద్దన్నాడు. "సైకిల్ తొక్కుకుంటా ఈ గేట్లోకొచ్చేను, తొక్కుకుంటానే బయటికెల్తాను" అని ఎప్పట్నుంచో ఊరందరికీ చెప్పుకుంటున్నాడు. నాన్న నోరు తెరిచి కోరుకోగా నేను విన్నది అదొక్కటే.

ఆ సైకిల్ వెనక చక్రాన్ని సరిగ్గా ముందురోజే నేను వంకర చేశాను. గ్యాసు సిలిండరు క్యారియరు మీద కట్టి స్పీడ్ బ్రేకరు మీంచి ఎగిరించానులెండి. రిమ్ము వేయించిన అప్పడంలా మెలితిరిగింది. ఈ హిందీ ఊళ్లో సైకిల్ మిస్త్రీ దగ్గరికి మోసుకెళితే "పర్సోం ఆనా భయ్యా" అన్నాడు. ఎల్లుండి దాకా ఎవడాగుతాడు? పైగా నేను మెకానికల్ డిప్లొమా! కొత్త చక్రం కొనుక్కొచ్చి, తెల్లారి నాన్న తన దోస్తు అప్పన్న బాబాయి స్కూటరు మీద డ్యూటీకెళ్లగానే పనిలోకి దిగాను.

చక్రం పక్కన చైను తిరిగే పళ్ల బిళ్ల ఉంటుంది చూడండి, అది ఫ్రీవీల్. ముందుకు తొక్కితే చక్రాన్ని పట్టుకుంటుంది, ఆపితే వదిలేస్తుంది. దానికి ముందూ వెనకా ఉంటాయని నా డిప్లొమాలో ఎవరూ చెప్పలేదు. చెప్పిన రోజున నేను క్లాసులో లేనేమో కూడా!

"ఓసారి తొక్కి చూస్తానమ్మా," అన్నాను.

"సంపేస్తాను!" అంది అమ్మ. "పసుపు రాసి బొట్టెట్టేను, కొబ్బరికాయ కొట్టేను. మీ నాన్న ఎక్కకుండా నువ్వెక్కుతావేటి? నడిపించుకెల్లు!"

విశ్వకర్మ పూజకి మిషన్లకే దండలేసే ఊరు కదా, సైకిల్‌ని వదులుతారా! గేటు దాకా నడిపించుకెళ్లాను. దారి పొడుగునా పెడళ్లు వాటంతటవే తిరుగుతూ నా కాళ్లను వాయించాయి. "ఆహా, తొక్కకుండానే తిరుగుతోంది, ఎంత స్మూత్‌గా బిగించాను!" అని మురిసిపోయాను. అదండీ నా తెలివి.

నాన్న మెడనిండా దండలతో బయటికొచ్చాడు. సైకిలెక్కాడు. తొక్కాడు. పెడళ్లు ఫ్యానులా తిరిగాయి, సైకిల్ మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఏటి గురూ, ఎల్లవేటి?" అన్నాడు అప్పన్న బాబాయి.

"ఎల్తన్నానురా!" నాన్న మళ్లీ తొక్కాడు. కాలు కింద పెట్టాడు. మళ్లీ తొక్కాడు.

బాబాయి జనం వైపు తిరిగాడు. "సూడండ్రా, ప్లాంటొదిలి ఎల్లడానికి మావోడికి మనసొప్పట్లేదు!" అని భోరుమన్నాడు. వెనకున్న సూపర్‌వైజరు "దిల్ నహీ మాన్ రహా భయ్యా కా" అంటూ జేబురుమాలు తీశాడు. డప్పులు ఆగిపోయాయి.

నాన్న నావైపు వంగాడు. "ఏటి సేసేవురా దీన్ని?"

"ఫ్రీవీల్ తిరగేసి బిగించీసినట్టున్నాను నాన్నా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన కోరుకున్న ఒక్క కోరికనీ నా చేతులతోనే పాడుచేశాను. చెంప మీద పడబోయే దెబ్బకి సిద్ధపడి, "నిజం చెప్పీమంటావా?" అన్నాను.

"నోర్ముయ్యి," అన్నాడు నాన్న మెల్లగా. "ఇన్నేళ్ల సర్వీసులో నా గురించి ఒక్కడూ ఏడవలేదు. ఏడవనీ!"

అని ఇంకో నాలుగు సార్లు తొక్కి, భారంగా నిట్టూర్చి, దిగి నడిపించుకుంటూ బయల్దేరాడు. పెడల్ దెబ్బలకి కుంటుతుంటే, అది కూడా దుఃఖమే అనుకుని జనం ఇంటిదాకా వెంట వచ్చారు.

ఆ రహస్యం నాన్న కడుపులో ఎన్నాళ్లో దాగలేదు. తనే బాబాయికి చెప్పేశాడు, బాబాయి ఊరందరికీ చెప్పేశాడు. అందుకే బ్లాస్ట్ ఫర్నేసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఒంట్లో ప్రాణముండగా ఇంకే సైకిల్ వెనక చక్రాన్నీ ముట్టను. వచ్చే నెల రిటైరవబోతున్న అప్పన్న బాబాయి ఎవరిదో సైకిల్ అడిగి తెచ్చి, నిన్నట్నుంచి మా గుమ్మంలో కూర్చుని "స్కూటరు మీదెల్తే నాకెవడేడుస్తాడ్రా? నాక్కూడా అలగే బిగించీ!" అని బతిమాలుతున్నా సరే, ముట్టను.