కొళాయి ప్రారంభం, మరికొద్ది నిమిషాల్లో

ఆ రోజుల్లో మా అనంతపురం పల్లెలకు ప్రభుత్వ కబుర్లు దండోరా మీదో, బస్సు కండక్టరు నోటి మీదో, మైకులోనో వచ్చేవి. దండోరా ఎప్పుడూ చెడు కబురే తెచ్చేది కాబట్టి దాన్ని అందరూ నమ్మేవాళ్ళు. కండక్టరును సగం నమ్మేవాళ్ళు. మైకును మాత్రం ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. నేను మైకు వైపు మనిషిని. (అలాంటి ఉద్యోగం ప్రభుత్వంలో లేదు. పంచాయతీ సమితి ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను. గొంతు కాస్త గట్టిదని ఏ ఊళ్ళో ప్రారంభోత్సవం జరిగినా నన్నే పంపేవాళ్ళు.) ఈ వయసులో సభ అన్న మాట వింటేనే నాకు నడుము లాగుతుంది. మా ఇంట్లోవాళ్ళు అది వయసు వల్ల అంటారు. నేనైతే ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూసి ఎదురుచూసి అరిగిపోయానని అనుకుంటాను. అప్పటి నుంచీ నా డైరీలో ప్రతి కార్యక్రమానికీ రెండు గడులు గీసే అలవాటు: ఒకటి చెప్పిన వేళకు, రెండోది జరిగిన వేళకు. మొదటి గడి ఎప్పుడూ నిండుగా ఉంటుంది.

ఇప్పుడు చెప్పబోయేది మడకశిర వైపు ఒక పల్లెలో, ఉగాదికి ముందురోజు జరిగింది. శివరాత్రికే బావులు అడుగంటి, ఆడవాళ్ళు మూడు పొలాలు దాటి నీళ్ళు తెస్తున్న ఏడు. అలాంటి సమయంలో ఊరి పైవీధిలో సమితి వేయించిన బోరులో నీళ్ళు పడ్డాయి. బోరు పక్కనే రాతికట్టడం మీద సిమెంటు తొట్టి, దానికి ఎక్కడానికి ఇనుప నిచ్చెన, కింద ఒకే ఒక్క కొళాయి. ఆ కొళాయికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. జిల్లా నుంచి పెద్దాయన వచ్చి రిబ్బను కత్తిరించేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కరెంటు తెల్లవారుజామున వచ్చి పోయింది, మళ్ళీ రాత్రికే. అంటే తొట్టిలో ఉన్న నీళ్ళే ఆ రోజుకు నీళ్ళు. వాటిని పెద్దాయన వచ్చేదాకా కాపాడడం, జనాన్ని కదలకుండా కూర్చోబెట్టడం నా పని.

పొద్దున్నే బ్యాటరీ మైకు పట్టుకుని, "గౌరవనీయులు మరికొద్ది నిమిషాల్లో విచ్చేయుచున్నారు" అన్నాను. నా ఎదురుగా కొళాయి నుంచి వీధి మలుపు దాకా బిందెల వరస ఉంది. వాటిని పెట్టినవాళ్ళంతా వేపచెట్ల నీడకు పోయి కూర్చున్నారు. ఎండలో నిలబడి నా ప్రసంగాన్ని శ్రద్ధగా విన్నవి బిందెలే. (తరువాతి కాలంలో చాలా సభల్లో మాట్లాడాను కానీ, అంత క్రమశిక్షణ గల శ్రోతలు మళ్ళీ దొరకలేదు.) అన్నిటికన్నా ముందున్న బిందె కిందివీధి అవ్వది. కిందివీధి ఊరికి చివర, పల్లంలో ఉంటుంది. అక్కడికి గొట్టం వేయలేదు. రెండో కొళాయి అక్కడ వేయాలంటే పెద్దాయన నోటి నుంచి ఆ మాట రావాలి, ఈ సభలోనే రావాలి అని సర్పంచి చెప్పి ఉన్నాడు. అందుకే అవ్వ తెల్లవారక ముందే వచ్చి, నీడకు కూడా పోకుండా బిందె పక్కనే నేల మీద కూర్చుంది.

నేను నాలుగోసారి "మరికొద్ది నిమిషాల్లో" అనేసరికి అవ్వ తల ఎత్తింది.

"ఏమప్పా మైకూ, నీ నిమిషం ఎంత పొడుగుండాది?"

"దోవలో ఉండారవ్వా, వచ్చేస్తారు."

"దోవ మేము చూడలేదా? పొద్దున్నించీ మేక కూడా రాలేదు ఆ దోవలో."

నీడలో కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. నేను ఆ రోజుల్లో రోషం కలవాణ్ణి, మైకు నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుని మరోసారి అదే మాట గట్టిగా చెప్పాను.

మధ్యాహ్నం బస్సు వచ్చింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచే అరిచాడు: "కొత్తచెరువు ఊర్లో భోజనానికి కూకున్యారు! ఓళిగలు వడ్డిస్తాండారు!" బస్సు వెళ్ళిపోయింది. ఆ బొబ్బట్ల కబురు విన్నాక ఊళ్ళో ఆకలి పెరిగింది, దాహం ఇంకా పెరిగింది. నా దగ్గర చెప్పాల్సిన మాటలన్నీ అయిపోయాయి. బోరు లోతు చెప్పాను, తొట్టి పొడవు వెడల్పులు చెప్పాను, చివరికి రిబ్బను రంగును కూడా పొగిడాను. సర్పంచి పూలదండ చేత్తో పట్టుకుని పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాడు. దండ వాడింది, ఆయనా వాడాడు. నన్ను కాపాడదామని మైకు అందుకుని, "ప్రజలారా" అన్నాడో లేదో వెక్కిళ్ళు పట్టుకున్నాయి.

మైకులో వెక్కిళ్ళు ఎలా ఉంటాయో విన్నవాళ్ళకే తెలుస్తుంది. "ప్రజలారా... హిక్... మన ఊరికి... హిక్..." అది గుట్ట మీద నుంచి మళ్ళీ మాకే తిరిగి వినిపించేది. మొదట పిల్లలు నవ్వారు, తరువాత పెద్దలు నవ్వారు, తరువాత ఎవరూ నవ్వలేదు. ఆయన ముఖం ఎర్రబడి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాగడానికి మాత్రం చుక్క లేదు. ఇళ్ళలో ఉన్నవి పొద్దున్నే అయిపోయాయి, ఎలాగూ కొళాయి వస్తుంది కదా అని ఆ రోజు ఎవరూ పొలాలు దాటి పోలేదు.

అవ్వ లేచింది. "మనిషి ఊపిరాడక సస్తాంటే నిమిషమంట, నిమిషం!" అంటూ రిబ్బనును ముడి విప్పి (కత్తిరించలేదు, జాగ్రత్తగా విప్పి కొంగుకు కట్టుకుంది), కొళాయి తిప్పి, దోసిట్లో పట్టి సర్పంచి నోట్లో పోసింది. వెక్కిళ్ళు ఆగిపోయాయి. నాకేమైందో తెలియదు. పొద్దున్నుంచీ ఆ ఒక్క మాట కోసమే సిద్ధంగా ఉన్న నోరు కదా, "మన కొళాయి ఇప్పుడే ప్రారంభమైనది!" అని మైకులో ప్రకటించేశాను. ఆ రోజు నా ప్రకటనల్లో నిజమైనది అదొక్కటే.

తరువాత కొళాయిని కట్టేయడం ఎవరి తరమూ కాలేదు. వరసలో బిందె తరువాత బిందె నిండింది. నిండిన బిందెల్ని ఎండకు వేడెక్కకుండా వేపచెట్ల కింద పెట్టుకున్నారు. నీళ్ళు తాగిన జనం ఒక్కసారిగా మంచివాళ్ళయిపోయారు. నాకూ ఒక చెంబు ఇచ్చారు. చివరి బిందె సగానికి వచ్చేసరికి కొళాయి ఒకసారి దగ్గి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే తిరుగు బస్సు వచ్చింది. కండక్టరు ఈసారి కిందికే దూకాడు.

"వస్తాండారప్పా! జీపులు వంక దాటినాయి, నేను కండ్లారా సూసినా!"

సర్పంచి తొట్టి వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు, నేనేదో మైకులోంచి నీళ్ళు తీస్తానన్నట్టు. మోటారు నడిపేవాడు (ఊరందరికీ మామ) చేతులు తిప్పాడు. "కరెంటు రాత్రికే గదా, నన్ను సూస్తే ఏం వస్తాది?"

"అయ్యో, కొళాయి పారకుంటే ఆయన మన ముఖం సూస్తాడా?" అన్నాడు సర్పంచి. "కిందివీధి కొళాయి మాట ఎవురడగల్ల, ఏ మొగంతో అడగల్ల?"

వేపచెట్ల కింద ఎవరూ కదల్లేదు. అవి ఉగాది స్నానం నీళ్ళు, ఓళిగల పప్పు ఉడికే నీళ్ళు. పైవీధి వాళ్ళకు కొళాయి వచ్చేసింది, రాత్రికి కరెంటు వస్తే మళ్ళీ పట్టుకోవచ్చు. ఊరి చివర నుంచి చీకట్లో రాలేని కిందివీధి వాళ్ళకు అదే బిందె, అంతే. అవ్వ తన బిందెను ఒకసారి చూసుకుంది, ఎత్తి నడుముకు పెట్టుకుంది, నిచ్చెన దగ్గరికి నడిచింది.

"పొయ్యండే అమ్మా," అంది వెనక్కి తిరగకుండానే. "పై నుంచి పోస్తే కింద నుంచి వస్తాయి, యాడికి పోతాయి? ఏమప్పా మైకూ, ఊరికే నిలబడుకుంటే ఎట్ల? నిచ్చెన ఎక్కు."

నేను నిచ్చెన ఎక్కాను. మోటారు మామ కింద నిలబడి అందించాడు, నేను పై నుంచి తొట్టిలో పోశాను. మొదట కిందివీధి బిందెలు వచ్చాయి, తరువాత సిగ్గుపడి పైవీధివీ వచ్చాయి. కొందరు సగం బిందె ఇంట్లో దాచి వచ్చారు, అది న్యాయమే. దూరాన జీపుల దుమ్ము కనబడేటప్పటికి అవ్వ కొంగులోని రిబ్బను తీసి, ముందున్నట్టే ముడి వేసింది.

పెద్దాయన దిగాడు, వాడిన దండ వేయించుకున్నాడు, రిబ్బను కత్తిరించాడు, కొళాయి తిప్పాడు. ధార వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. అన్ని సభల్లో నేను విన్న చప్పట్లలో అంత భయంతో కొట్టినవి అవే. గ్లాసు నింపి ఆయన చేతికిచ్చారు. ఆయన గ్లాసులోకి చూసి ఆగాడు.

"ఏమప్పా సర్పంచీ, బోరులో వేపపువ్వు ఎట్లొచ్చింది?"

చెట్ల కింద పెట్టిన బిందెల్లో రాలిన పూలు! సర్పంచికి మళ్ళీ ఒక వెక్కిలి వచ్చింది, దాన్ని మింగి అన్నాడు:

"రేపు ఉగాది కద సామీ. భూదేవి తానే పచ్చడి కలిపి పంపించినట్లుండాది."

పెద్దాయన ఒక క్షణం చూసి, పకపకా నవ్వాడు. పువ్వుతో సహా తాగేసి, "తీపిగా ఉండాయి" అన్నాడు. (ఉండకేం, ఆ నీళ్ళు ఊరందరి చేతులూ తిరిగి వచ్చాయి.) ఆ సంతోషంలోనే కిందివీధికి కూడా కొళాయి ఇస్తామని చెప్పేశాడు. నేను మైకు అందుకుని, "కిందివీధి కొళాయి మరికొద్ది రోజుల్లో" అన్నాను. జీపులు వెళ్ళిపోయాక తొట్టిలో మిగిలిన నీళ్ళు అందరూ పంచుకున్నారు. అవ్వ తన వంతు సగం బిందెతో ఇంటికి పోతూ, నా ముందు ఆగింది.

"నీ నిమిషాలే అంత పొడుగుండాయి. రోజులు ఎంతుంటాయో సూస్తాలే."

ఆ తరువాత నన్ను విడపనకల్లుకు బదిలీ చేశారు, జిల్లాకు ఆ కొస నుంచి ఈ కొసకు. అక్కడా మైకే, అక్కడా అదే మాట. ఆ రోజు పేజీలో కిందివీధి కొళాయి పక్కన రెండో గడి ఖాళీగానే ఉండేది. కొన్ని ఉగాదులు గడిచాక అనంతపురం బస్టాండులో ఎవరో భుజం తట్టారు. ఆ కండక్టరే, జుట్టు నెరిసింది.

"సార్, కిందివీధి అవ్వ మీకొక మాట చెప్పమన్యాది. 'ఆ మైకాయన యాడన్నా కనపడితే చెప్పు, నిమిషం అయింది అని.' పోయిన వారం నీళ్ళొచ్చినాయి సార్, ఆయమ్మే తిప్పింది."

నేను బస్టాండులోనే నిలబడి చాలాసేపు నవ్వాను. ఇంటికి వచ్చి ఆ పాత పేజీ తీసి రెండో గడి నింపాను. నిండిన గడులు నా డైరీల్లో చాలా తక్కువ, వాటిలో అది ఒకటి.

మొన్న ఈ ఉగాదికి ముందు మా కాలనీలో పార్కు ప్రారంభమంటే వెళ్ళాను. కుర్చీలు ఎండలో, వచ్చే పెద్దమనిషి ఇంకెక్కడో. మైకు దగ్గర ఒక కుర్రవాడు చెమటలు కక్కుకుంటూ నా పాత మాటే చెబుతున్నాడు. పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ విసిగిపోయి, "ఇంకా ఎంతసేపు పడుతుందండీ?" అని నన్ను అడిగింది. "నిమిషం" అన్నాను, ఆలోచించకుండానే. అని, ఒక్కణ్ణే నవ్వుకుంటూ, ఆవిడకు నా నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాను.