నా ఒళ్లో పెట్టిన ఎక్స్‌రే

నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానవాళ్లు నన్ను పొద్దంతా కూర్చోబెట్టి, సాయంత్రం డాక్టరు రాడని పంపేశారు. దాని మీద నేను కలెక్టరుకు పెట్టుకున్న ఫిర్యాదుకు ఇప్పటికీ జవాబు లేదు. ఆ సాయంత్రం ఆర్మూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పక్కసీటు మనిషికి దవాఖాన సంగతే చెబుతూ వచ్చాను. కాళ్లకు అడ్డంగా ఎవరివో పసుపు బస్తాలు, కదలడానికి లేదు.

ఆయన దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడట. చేతిలో ఎక్స్‌రే కవరు ఉంది.

"గాడ కంపెనీనే చూపిస్తది గదా, గీడెందుకు పైసలు తగలేస్తున్నవ్?" అన్నాను.

"గాడ ఫ్రీనే పెద్దాయనా. కానీ ఊపిరితిత్తులల్ల మచ్చ కనబడ్డదంటే వీసా కొట్టేసి ఇంటికి పంపుతరు. గీడ పైసలు గుంజుతరు గానీ ఎల్లగొట్టరు."

మాక్లూర్‌లో బస్సు ఆగింది. ఆయన బయటికి చూసి, "దుబాయిల మా సూపర్‌వైజర్ తమ్ముడు" అని గొణిగి, కవరు నా ఒళ్లో పెట్టేశాడు.

ఎక్కినతను నేరుగా మా దగ్గరికే వచ్చాడు. "ఏంరా, దవాఖానకు పోయినవా?"

"నాకేమైందన్నా? గా కవరు గీ పెద్దాయనది."

"ఏం రోగం తాతా?"

నేనేమీ అంత ముసలివాణ్ని కాను. అయినా కవరు మీది పేరును అరచేత్తో మూసి, "ఊపిరితిత్తులల్ల మచ్చ" అన్నాను.

ఆర్మూర్‌లో అతను ఆయన భుజం మీద చెయ్యి వేసి, తనతో పాటే దింపుకుని పోయాడు. నేను బస్తాలు దాటి దిగేసరికి వాళ్లు బస్టాండు గేటు దగ్గరున్నారు. కవరు ఇంకా నా చేతిలోనే ఉంది. దాని మీది పేరు చదివి, పిలవడానికి నోరు తెరిచాను.

పిలిస్తే ఆయనతో పాటు అతనూ వెనక్కి తిరిగి, కవరు ఎవరిదో తెలుసుకునేవాడు.