రాజన్న మాస్టారి బ్యూగిల్ దళం

నిన్న సౌదీలోని రాస్ తనూరా రిఫైనరీలో, మా కంట్రోల్ రూమ్ బయట ఎవరో ఇత్తడి వాల్వు తుడుస్తున్నారు. ఆ పాలిష్ వాసన తగలగానే నా పెదవులు వాటంతటవే బిగుసుకున్నాయి. పద్నాలుగేళ్ల వయసులో నాకు బ్యూగిల్ ఊదడం నేర్పిన రాజన్న మాస్టారు గుర్తొచ్చారు.

అప్పుడు మేం అల్ ఖోబార్‌లో, అజీజియా వైపు ఒక కంపెనీ కాంపౌండులో ఉండేవాళ్లం. మా నాన్న అక్కడ ఇంజనీరు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన రాజన్న ఏసీలు బాగుచేసేవారు. ఊళ్లో పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించిన మనిషి. ఒకసారి స్టోరు గదిలో ఏసీ విప్పుతుంటే, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిన కుటుంబాలు వదిలేసిన డ్రమ్ములు, చిలుము పట్టిన బ్యూగిళ్లు కనిపించాయట. మేనేజరును అడిగి అవి తీసుకుని, తన శుక్రవారం సెలవులన్నీ మాకు నేర్పడానికే ఇచ్చేశారు. పదకొండు మంది పిల్లలం చేరాం. నేను బ్యూగిల్ పట్టుకుంటే, "ఆడపిల్లకి డ్రమ్ము ఇవ్వొచ్చుగా" అంది పక్కింటావిడ. మాస్టారు ఆవిడ వైపు తిరగనైనా లేదు.

"ఊపిరికి ఆడ, మగ ఉంటదా? బుగ్గలు ఉబ్బియ్యకు బిడ్డా. కడుపులకెల్లి ఊదు."

ఏడు నెలలకు కాంపౌండు వార్షికోత్సవం వచ్చింది. పెద్ద అధికారులు వస్తున్నారు కాబట్టి దళాన్ని బయటి నుంచి పిలిపించిన సంగీతం టీచరు నడిపించాలని పెద్దల కమిటీ తీర్మానించింది. అందులో నాన్న కూడా ఉన్నారు.

"ఆయన మంచివాడు కాదనను. కానీ అతిథుల ముందు ఏసీ మెకానిక్ నిలబడితే ఏం బాగుంటుందమ్మా?"

"మాకు నేర్పింది ఆయనే కదా నాన్నా."

"నువ్వు ఊదు చాలు. మిగతావి మేం చూసుకుంటాం."

ఆ రోజు కొత్త టీచరు చెయ్యెత్తారు. మేం పదకొండు మందీ ముందే అనుకున్నట్టు కదలలేదు. ముందు వరుసలోంచి నాన్న కళ్లెర్రజేశారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది: "మాస్టారు వస్తేనే మొదలుపెడతాం." అందరి వెనక, నీలం పనిబట్టల్లో నిలబడ్డ రాజన్న, వాయించండని రెండుసార్లు సైగ చేశారు. మేం వినలేదు. చివరికి కాలరు గుండీ పెట్టుకుంటూ, కుర్చీల మధ్య నుంచి తల వంచకుండా నడిచి వచ్చారు. అంత బాగా మేం అంతకుముందెప్పుడూ వాయించలేదు.

మర్నాడే స్టోరుకు తాళం పడింది. దళం అక్కడితో సరి. రెండు వారాల్లో మాస్టారిని ఎక్కడో దక్షిణాన ఉన్న జిజాన్ సైటుకు మార్చారు. బస్సు దగ్గరికి పరుగెత్తి, "మా వల్లే కదా మాస్టారూ" అని ఏడ్చాను.

"మీ వల్లనే. గందుకే ఖుషీగ పోతున్న."

కొన్నేళ్లకు ఆయన ఉద్యోగం మానేసి, ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఊరికి వెళ్లిపోయారని విన్నాను. నాన్న ఆ రోజు సంగతి మళ్లీ ఎత్తలేదు, నేనూ ఆయనకు క్షమాపణ చెప్పలేదు.

మాస్టారు నేర్పిన బాణీల్లో ఒక్కటీ ఇప్పుడు ఊదలేను. పని చేసినవాణ్ణి వెనక నిలబెట్టి నన్ను ముందుకు రమ్మంటే మాత్రం రాను. పోయిన నెల మీటింగులో నన్ను వివరించమంటే, పంపు లోపం కనిపెట్టిన టెక్నీషియన్‌ను లోపలికి పిలిచేదాకా నేను నోరు విప్పలేదు. పై అధికారి చిరాకుపడ్డారు. పడనీ.