కోసేసిన వైరు మీద వెలిగిన లైటు

దెయ్యాల్నీ మహిమల్నీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తున్నది మల్లయ్య కోసం. మస్కట్‌లో మాతో పనిచేసినవాళ్లు ఏది చెడిపోయినా ఇప్పటికీ “మల్లయ్య వైరు” అని నవ్వుతారు. ఆ నవ్వుకు కారణం నేను.

రెండువేల ఎనిమిది ప్రాంతం. హమ్రియాలో మా కాంట్రాక్టు కంపెనీ ఆఫీసు. లైనక్స్ సర్వర్ నా బాధ్యత. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ మల్లయ్య దానికి కొత్త వైరు లాగాడు. ఆ వారమే నెట్‌వర్క్ నత్తనడక పట్టింది. కమాండ్ కొట్టి చూస్తే సర్వర్‌లోని నెట్‌వర్క్ కార్డు మీద ఎర్రర్లు పెరుగుతూ పోతున్నాయి.

వైరు పని సరిగా చేయలేదని మా మేనేజర్ ముదీర్‌కు చెప్పేశాను.

“నా వైరు మంచిగనే ఉంది సార్. మీ డబ్బ ఒక్కపారి చూస్కోన్రి,” అన్నాడు మల్లయ్య, అందరి ముందే. నాకు ఒళ్లు మండింది. ముదీర్ అతణ్ణి రుస్తాఖ్ సైట్‌లో ఇటుకలు మోసే డ్యూటీకి పంపేశాడు.

వేరే వైరు వేశాను. ఎర్రర్లు ఆగలేదు. అప్పుడు చూసుకున్నాను: కార్డు సెట్టింగు నేనే చేత్తో మార్చి, వైరు అవతలి కొసనున్న నెట్‌వర్క్ స్విచ్‌ను ఆటోమేటిక్‌లో వదిలేశాను. రెండు కొసలూ ఒకే పద్ధతిలో లేకపోతే ఎర్రర్లు రాక మానవు. ఒక్క లైను సరిచేశాను. ఆగిపోయాయి.

మల్లయ్య వైరు మళ్లీ పెట్టి, అవతలి మిషను పలుకుతుందా అని పింగ్ చేశాను. జవాబులు శుభ్రంగా వచ్చాయి. అది బాగుందని ఎవరైనా కనిపెడతారేమోనని కటింగ్ ప్లేయర్ తీసుకుని మధ్యలో కోసేశాను.

రెండు ముక్కలూ నా చేతుల్లోనే ఉన్నాయి. కార్డు మీద పచ్చలైటు ఆరలేదు. తెరమీద జవాబులు వస్తూనే ఉన్నాయి. సర్వర్‌లో ఇంకో కార్డు లేదు. కార్డులోంచి ప్లగ్గు పీకాకే ఆగాయి.

మల్లయ్యకు ఏమైనా అయిందేమోనని రుస్తాఖ్‌కు ఫోన్ చేశాను. అతనే ఎత్తాడు.

“ఏం సార్, నడుస్తుందా డబ్బ?”

“నడుస్తోంది మల్లయ్యా.”

“నడువదా మరి? నా వైరు తీసేస్తిరి గదా!” అని నవ్వాడు.

అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. ఫోన్ పెట్టేశాను.

ఆ కార్డు ఎవరితో మాట్లాడిందో ఈనాటికీ నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే, ముదీర్‌కు ఆరోజే చెప్పాల్సింది: మల్లయ్య వైరులో ఏ లోపమూ లేదు.