ఎదురుకోలు దారిలో పేలాలు

మా మనవరాలి పెళ్లికి ముందురోజు సాయంత్రం, ఎదురుకోలులో పాప్‌కార్న్ బల్ల పెడతామన్నప్పుడు నేను అడిగిన మొదటి మాట, "అక్కడ ఎవరు నిలబడ్తరే?" అని.

"ఎవ్వరు నిలబడరు నాయనమ్మా. గదే దాని స్పెషల్. ఎవరికి కావాల్సింది వాళ్లే తీసుకుంటరు" అంది పెళ్లికూతురు.

నాకు అక్కడే అనుమానం మొదలైంది. మా ఇళ్లలో ఆకు ముందు కూర్చున్నవాళ్లను కూడా బతిమాలి తినిపిస్తాం. ఇంకొంచెం వేసుకోండి, మా మీద కోపమా అంటాం. వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందులోంచి వడ్డిస్తాం. అలాంటిది తిండి బల్ల మీద పెట్టేసి మనం పక్కకు పోతే, వచ్చినవాళ్లు దాన్ని మర్యాద అనుకుంటారా?

వచ్చినవాళ్లంటే నా మనసులో ఉన్నది ఒక్కరే. పెళ్లికొడుకు నాయనమ్మ.

వాళ్లది కోస్తా. వనస్థలిపురంలో ఏనాడో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. మాది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. మా అబ్బాయికి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. పిల్లలిద్దరూ ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడ్డారు. పెద్దవాళ్లందరూ సరేనన్నారు. ఆమె మాత్రం సరే అనలేదు, కాదనీ అనలేదు. పిల్లను చూడటానికి వచ్చిన రోజు షుగరని చెప్పి టీ ముట్టలేదు. నిశ్చితార్థం నాడు శనివారం ఉపవాసమంది. పెళ్లి చీరలు చూడటానికి దుకాణానికి వచ్చినప్పుడు నీళ్ల సీసా తన సంచిలోనే తెచ్చుకుంది. అంతవరకు మా ఇంటి మంచినీళ్లు కూడా ఆమె గొంతు దిగలేదు.

"ముసలామె, ఆరోగ్యం జర చూసుకుంటది. నువ్వెందుకు పరేషాన్ అయితవు?" అన్నాడు మా అబ్బాయి.

వాడికేం తెలుసు? చిన్నప్పుడు మా అమ్మ రంగు నూలు కొనేటప్పుడు, బొటనవేలు నాలుకకు తడి చేసుకుని పోగును రుద్ది చూసేది. వేలికి రంగు అంటితే ఆ నూలు చిలప పక్కన పడేసేది. అమ్మేవాడు ఎన్ని ఒట్లు వేసినా వినేది కాదు. ఆ అలవాటు నాకు మనుషుల దగ్గర వచ్చింది. మా ఇంట తినని మనిషి రేపు మా పిల్ల వండింది తింటుందా? ఆ ఇంట్లో పెద్దమాట ఆమెదే. ఎదురుకోలులో ఆమె మా దగ్గర ఏదో ఒకటి నోట్లో వేసుకుంటే చాలు, పిల్లను ధైర్యంగా పంపుతాను. నాకు కావలసింది అదొక్కటే.

సరిగ్గా ఆ పూటే పిలిచే మనిషి లేని బల్ల పెడుతున్నారు.

ఎల్‌బీ నగర్‌లో రోడ్డు పక్క ఫంక్షన్ హాలు. మధ్యాహ్నం నుంచే పెళ్లికూతురు గోరింటాకు చేతులతో అటూ ఇటూ తిరుగుతూ బల్ల సర్దించింది. గేటు లోపల, మెట్ల పక్కన, బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. పెద్ద గాజు పెట్టెల్లో వేయించిన పాప్‌కార్న్, ఒక దాంట్లో ఉప్పుది, ఒక దాంట్లో బెల్లం పాకం పట్టించింది. ముందు వరుసలో చిన్న సీసాల్లో కారం, మిరియాల పొడి, చీజ్ పొడి. ఆ చీజ్ పొడి మూత తీసి వాసన చూసి, ఎవరూ చూడకుండా సీసాను వెనక్కి జరిపాను. పక్కన బుట్టలో రంగు కాగితపు పొట్లాలు. అందంగా ఉంటుందని పెళ్లికూతురు ఒక్కో పొట్లం అడుగు కొన కత్తిరించి, అక్కడ సన్నటి రిబ్బను ముడి వేసింది.

చివరికి ఒక నల్ల పలక తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "బోర్డు నువ్వే రాయాలె నాయనమ్మా."

నాకు అక్షరాలు వచ్చింది యాభై దగ్గరపడ్డాక. ఇదే పిల్ల ఒకటో తరగతిలో ఉండగా దాని పక్కన కూర్చుని దిద్దుకున్నాను. ఇప్పుడు పేపరు చదువుతాను, బస్సు బోర్డులు చదువుతాను. అయినా అక్షరం మీద నాకు పూర్తి నమ్మకం ఇంకా రాలేదు. నోటితో పిలిస్తే ఎదుటివాళ్ల ముఖం చూసి మాట మార్చుకోవచ్చు. బోర్డు ఎవరి ముఖం చూస్తుంది?

మొదట "మీరే తీసుకోండి" అని రాశాను. చదువుకుంటే కసిరినట్టుంది. తుడిచి, "మొహమాటపడకండి. మన ఇల్లే అనుకుని కావలసినంత తీసుకోండి" అని రాశాను. అదీ రాసిందే కదా, పిలిచినట్టెట్లా అవుతుంది అనుకున్నాను.

సాయంత్రం మావాళ్లు వచ్చారు. నేను అనుకున్నట్టే ఎవరూ బల్ల దగ్గరికి పోలేదు. దూరంగా నిలబడి చూశారు.

"ఏందక్కా, దీనికి పైసలియ్యాల్నా?" అని మా చెల్లెలు నా చెవిలో అడిగింది.

"మనదేనే. పోయి తిను."

"మనదైతే మనిషేడి? ఎవరో దుకాణం పెట్టుకున్నట్టున్నది."

పెద్దవాళ్ల సంకోచం అలా ఉండగా పిల్లలు దూకారు. పొట్లాలు నింపుకోవడం, మగపెళ్లివాళ్లు వస్తున్నారేమో చూడటానికి గేటు దాకా ఉరకడం, మళ్లీ బల్ల దగ్గరికి రావడం. వాళ్ల ఆటలో రిబ్బన్లు ఊడిపోయాయి, కత్తిరించిన కొనల్లోంచి పాప్‌కార్న్ రాలిపోయింది. నా కళ్లు రోడ్డు మీదున్నాయి కనుక నేల చూడలేదు. డప్పులు దగ్గరికొచ్చాక చూశాను.

మెట్ల దగ్గర నుంచి గేటు బయట రోడ్డు దాకా తెల్లటి పేలాల బాట. స్వాగతానికని మావాళ్లు అంతకుముందే చల్లిన బంతిపూల రేకులు వాటితో కలిసిపోయి ఉన్నాయి. ఎదురుగా డప్పులు.

మా వైపు శవాన్ని తీసుకుపోయేటప్పుడు దారి పొడుగునా పూలూ పేలాలూ చల్లుతారు. ముందు డప్పు నడుస్తుంది.

"చీపురు తెస్త అత్తమ్మా" అంది నా చూపు కనిపెట్టిన మా కోడలు.

"ఆగు. పెండ్లోళ్లు ఎదురుంగ ఒస్తుంటె చీపురు పట్టుకుంటరా?"

వాళ్లు గేటు దాకా వచ్చేశారు. అందరికంటే ముందు ఆమె, చేతికర్రతో. గేటులో అడుగుపెట్టబోయి ఆగింది. కింద చూసింది. బాట వెంబడి చూపు మెట్లదాకా పోయి, అక్కడి నుంచి నా ముఖం మీదికి వచ్చింది. వెనక కుర్రకారు డప్పుకు చిందులేస్తున్నారు, వాళ్లకేమీ తెలియదు. ఆమెకు మాత్రం తెలిసింది. వాళ్ల వైపూ ఆ ఆచారం ఉందని ఆ చూపులోనే అర్థమైంది.

ఇన్నాళ్లూ ఈమె వెతుకుతున్న సాకు ఇదేనేమో, మేమే పళ్లెంలో పెట్టి ఇచ్చామేమో అనిపించింది. సర్దిచెబుదామంటే ఆ చావు మాట నా నోట రావాలి. పెళ్లివాకిట్లో ఆ మాట ఎట్లా అనను?

మా కోడలు పానకం గ్లాసు అందించింది.

"షుగరమ్మా నాకు" అంది ఆమె ఎప్పటిలాగే. తర్వాత నా వైపు తిరిగి, "ఇవేంటండీ?" అని కర్రతో నేల చూపించింది.

"పాప్‌కారన్. గా బల్ల మీదియి. పిల్లలు పారబోసిన్రు."

ఆమె బాట మీద కాలు పడకుండా పక్కపక్కనే నడుచుకుంటూ బల్ల దగ్గరికి పోయింది. తొక్కకుండా పోతోందంటే మనసులో పెట్టుకుందన్నమాటే అనుకుంటూ నేనూ వెనకే వెళ్లాను. కళ్లద్దాలు సవరించుకుని బోర్డు చదివింది. అంత చిన్న రాతకు అంతసేపు ఎందుకో నాకు అంతుపట్టలేదు.

తినండి అనే మాట నా నాలుక చివర ఉంది. కానీ అంటే ఏమవుతుందో తెలుసు. షుగరంటుంది, ఉపవాసమంటుంది. పిలిచిన ప్రతిసారీ ఆమె వద్దనే అంది. నా బతుకులో మొదటిసారి, తిండి ముందు నిలబడిన మనిషిని తినమనకుండా నోరు మూసుకున్నాను.

ఆమె ఒక పొట్లం తీసింది. తిరగేసి చూసింది.

"కొన ఎవరు కత్తిరించారండీ?"

"మీ పెండ్లికూతురే."

"తెలివైన పిల్లే" అంది. మెచ్చుకుందో దెప్పిందో తేల్చుకోలేకపోయాను. కొనను లోపలికి మడిచి గోటితో గట్టిగా నొక్కింది. "ఇవి ఉప్పువేనా?"

"ఉప్పే. చక్కెర లేదు."

తనే గరిటె తీసుకుని పొట్లం నింపుకుంది. నిలబడే రెండు పలుకులు నోట్లో వేసుకుని నమిలింది. అప్పుడు నా వైపు వంగి, పక్కవాళ్లకు వినబడనంత మెల్లగా అంది.

"వదినగారూ, మనం తినేది కింద పడితే అది చెత్తే. ఇంకేం కాదు. మావాళ్లంతా లోపలికెళ్లాక ఊడ్పించేయండి."

నన్ను వదినగారూ అనడం అదే మొదలు. నేను తల ఊపాను. ఆమె పొట్లం పట్టుకుని మనవడి వెంట లోపలికి వెళ్లిపోయింది.

మా కోడలు చీపురు అందుకుంది. నేను నెమ్మదించాల్సింది. కానీ నాకు కొత్త అనుమానం పట్టుకుంది. మా పరువు నిలపడానికి రెండు పలుకులు తిని, మిగతాది చేతిలో పట్టుకుందేమో. పొట్లం పట్టుకోవడం వేరు, తినడం వేరు. వరపూజ జరుగుతున్నంతసేపూ స్తంభం పక్క నుంచి చూద్దామనుకున్నాను, ఫొటోలవాళ్లు అడ్డం వచ్చారు.

అందరూ భోజనాలకు లేచాక ఆమె కూర్చున్న వరుసకు వెళ్లాను. కుర్చీ కింద చూశాను. ఏమీ పారబోయలేదు. పొట్లం పక్క కుర్చీ మీద నిలబెట్టి ఉంది. ఆమె మడిచిన కొన మడిచినట్టే ఉంది.

"ఏం దేవులాడుతున్నరు అత్తమ్మా?" అని కోడలు దూరం నుంచి కేకేసింది.

"ఏం లేదు. నువ్వు ఆమె పక్క సీటు ఆపు నాకు. ఒస్తున్న."

పొట్లాన్ని అరచేతిలోకి బోర్లించాను. కాస్త ఉప్పు, దాంతోపాటు పళ్లు గట్టిగా ఉన్నవాళ్లు కూడా నమలలేని, పేలని గింజలు నాలుగైదు రాలాయి. బొటనవేలితో వాటిని అటూ ఇటూ కదిపి చూశాను. వాటిలో పేలింది ఒక్కటీ లేదు.